కాలిక్యులేటర్‌లో వచ్చిన మైనస్ 59

తిరుపతిలో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. పలమనేరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా ఊళ్లోనే తెలుగు మీడియం. ఇంటర్ ఎలాగో గట్టెక్కింది. ఇప్పుడు ఫిజిక్స్ మేజర్, హాస్టల్లో ఉంటోంది. నాయనకు రెండు పాడి ఆవులు, కొంచెం టమాటా తోట. హాస్టల్ ఫీజు పాల డబ్బుల్లోంచే కడుతున్నారు.

"మేడమ్, నాకు లెక్కలంటే భయం ఉండేది కాదు. పదో తరగతిలో 91 వచ్చాయి. ఇక్కడికొచ్చాక పది నెత్తిన చిన్న అంకె కనిపిస్తే చాలు, చేతులు చల్లబడిపోతున్నాయి" అని మొదలుపెట్టి, జరిగినవన్నీ వరసగా రాసింది.

మొదటిది కెమిస్ట్రీ ఇంటర్నల్. సెకనుకు 2.0×10⁶ మీటర్ల వేగంతో పోయే ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం కట్టమన్నారు. సూత్రం తెలుసు, విలువలు తెలుసు. కాలిక్యులేటర్ కొడితే 1.45×10⁻⁵⁹ వచ్చింది, అదే రాసింది. అసలు జవాబు 3.6×10⁻¹⁰ మీటర్లు. పేపర్లు ఇచ్చిన రోజు రూమ్మేట్ అందరి ముందూ "ఇది ఎయిత్ క్లాస్ లెక్క గదా మే, ఇది కూడా రాదా?" అంది. అందరూ నవ్వారు.

రెండోది లోలకం ప్రయోగం. ఒకే టేబుల్, ఒకే స్టాప్‌వాచ్, ఇద్దరివీ అవే రీడింగులు. 20 డోలనాలకు 39.14 సెకన్లు. పొడవు 95 సెంటీమీటర్లు. పక్కమ్మాయికి గురుత్వ త్వరణం 9.79 వచ్చింది, ఈమెకు 9.38. రికార్డులో ఎర్ర సున్నా చుట్టారు. మూడోది గ్రేటింగ్ ప్రయోగం. సోడియం దీపం కాంతి తరంగదైర్ఘ్యం కట్టి, "రెండు దశాంశాలకు రౌండ్ చేయాలి కదా" అనుకుని 0.00 మీటర్లు అని రాసింది. ఆపైన 2.745 గొడవ. దాన్ని రెండు దశాంశాలకు సవరిస్తే 2.75 అని ఈమె అంటే, ల్యాబ్ మేడమ్ 2.74 అన్నారట. ఇంకో సారు 2.75 కరెక్టే అన్నారట.

అప్పటి నుంచి లెక్క కట్టడం మానేసి రూమ్మేట్ రికార్డులోని జవాబులు దించుకుంటోంది. "తను అడగకుండానే ఇస్తుంది. జాలిపడి ఇస్తోందేమో అనిపిస్తుంది" అని రాసింది. ఒకసారి లెక్చరర్ "ఈ స్టెప్పు నుంచి ఈ ఆన్సర్ ఎట్లా వచ్చింది?" అంటే నోరు పెగల్లేదు. వచ్చే నెల ప్రాక్టికల్ పరీక్ష. వైవాకు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. మేనమామ "బీఏకి మారిపో, గ్రూప్స్‌కి చదువుకోవచ్చు" అంటున్నాడు. నాయన ఫోన్ చేసినప్పుడల్లా "బాగా చదువుతా ఉండావా పాపా?" అని అడుగుతాడు. ఈమె ఊఁ అంటుంది.

"సైన్స్ నా తలకు ఎక్కదా మేడమ్? మారిపోనా? ట్యూషన్ పెట్టించుకోనా? నాయనకు ఎట్లా చెప్పేది?"

అమ్మా,

నువ్వు తప్పు జవాబులను అంకెలతో సహా రాయడం చాలా మంచిదైంది. లేకపోతే నేను ధైర్యం చెప్పి ఊరుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఏం జరిగిందో చూడొచ్చు.

ముందు ఆ మైనస్ 59. సూత్రం ప్రకారం ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతో భాగించాలి. ఆ లెక్క నేను రెండు రకాలుగా కొట్టి చూశాను. నువ్వు కాలిక్యులేటర్‌లో ఇట్లా కొట్టి ఉంటావు: 6.626 × 10 పవర్ మైనస్ 34 ÷ 9.109 × 10 పవర్ మైనస్ 31 × 2 × 10 పవర్ 6. ఎక్కడా బ్రాకెట్ లేదు. గుణకారం, భాగహారం పక్కపక్కన ఉంటే కాలిక్యులేటర్ ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోతుంది. అంటే అది 9.109తో మాత్రమే భాగించింది. ఆ తర్వాతి 10⁻³¹, 2, 10⁶ అన్నిటితో గుణించింది. కింద ఉండాల్సినవి పైకెక్కాయి. అట్లా చేస్తే వచ్చేది కచ్చితంగా 1.45×10⁻⁵⁹. కింద ఉన్న మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టి కొట్టు. 3.637×10⁻¹⁰ వస్తుంది. వేగం 2.0 అని రెండు అంకెలతోనే ఇచ్చారు కాబట్టి 3.6×10⁻¹⁰ అని రాస్తాం.

చూశావా, నీ సూత్రం సరైనది, విలువలు సరైనవి, ఘాతాంకాలు కూడా సరిగ్గానే కొట్టావు. లేనిది ఒక బ్రాకెట్ల జత. దీనికీ తెలివికీ సంబంధం లేదు. సైంటిఫిక్ కాలిక్యులేటర్ మీద ×10 పక్కన చిన్న ఎక్స్ ఉన్న బటన్ ఒకటుంటుంది, కొన్నిటి మీద ఎక్స్‌ప్ అని ఉంటుంది. అది వాడితే 9.109×10⁻³¹ మొత్తాన్ని ఒకే సంఖ్యగా తీసుకుంటుంది, సగానికి తెగిపోదు. కానీ దాంతో కూడా, కింద రెండు సంఖ్యల గుణకారం ఉంటే బ్రాకెట్ తప్పదు. అది మరిచిపోతే ఈ లెక్కకే 1455 వస్తుంది. ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం కిలోమీటరున్నర!

ఇక్కడే అసలు సంగతి ఉంది. 1455 చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 10⁻⁵⁹ చూస్తే నీకు రాలేదు. ఎందుకంటే ఆ సంఖ్యకు నీ మనసులో కొలత లేదు, అది ఒక గుర్తుగానే మిగిలిపోయింది. నువ్వు కష్టపడాల్సింది ఆ ఒక్క చోటే. పరమాణువు సైజు సుమారు 10⁻¹⁰ మీటర్లు. దాని కేంద్రకం 10⁻¹⁵ ప్రాంతం. భౌతికశాస్త్రంలో నువ్వు వినబోయే అతి చిన్న పొడవు, ప్లాంక్ పొడవు, 1.6×10⁻³⁵ మీటర్లు. నీకు వచ్చింది దానికంటే లక్షకోట్ల లక్షకోట్ల రెట్లు చిన్నది. ఈ మూడు మైలురాళ్లు తెలిసుంటే, సరైన జవాబు ఎంతో తెలియకపోయినా, వచ్చింది కాదని మాత్రం నీకే తెలిసేది.

పెద్ద సంఖ్యలతో ఈ పని నీకు ఎప్పటి నుంచో అలవాటే. ఎవరైనా రెండున్నర కోట్లు అంటే నువ్వు 25 పక్కన ఆరు సున్నాలు ఊహించుకోవు. "రెండున్నర" అనేది ఎంత, "కోటి" అనేది ఏ మెట్టు, అని రెండు ముక్కలుగా పట్టుకుంటావు. 2.5×10⁷ అంటే అదే. లక్ష అంటే 10⁵, కోటి అంటే 10⁷. చుక్కకు ముందు సున్నా కాని ఒక అంకె, తర్వాత మిగతా అంకెలు, పక్కన పది ఘాతం. మైనస్ వైపు మనకు రోజువారీ పేర్లు లేవు కాబట్టి కొత్తగా అనిపిస్తుంది, పద్ధతి మాత్రం మారదు. 10⁻³ అంటే వెయ్యో వంతు, 10⁻⁶ అంటే పదిలక్షల్లో ఒక వంతు. ఘాతాంకం ముందు మైనస్ ఉందంటే సంఖ్య చిన్నదని అర్థం. అది రుణ సంఖ్య కాదు. చాలామంది పిల్లలు ఇక్కడ తడబడతారు, అందుకే చెబుతున్నాను.

కాబట్టి కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు మార్జిన్లో ఒక చిన్న అంచనా వేసుకో. ముందు భాగాలు వేరుగా: 6.6ని 9.1, 2ల లబ్ధంతో, అంటే 18.2తో భాగిస్తే సుమారు 0.36. ఘాతాంకాలు వేరుగా: కింద −31, 6 కలిపితే −25. పైన −34. −34 లోంచి −25 తీసేస్తే −9. అంటే 0.36×10⁻⁹. చుక్కను ఒక స్థానం కుడికి జరిపితే 3.6×10⁻¹⁰. అర నిమిషం కూడా పట్టదు. కాలిక్యులేటర్ ఏం చెప్పినా దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ 0.00 సంగతి. సోడియం పసుపు కాంతి తరంగదైర్ఘ్యం 5.893×10⁻⁷ మీటర్లు. మామూలుగా రాస్తే 0.0000005893. దాన్ని రెండు దశాంశ స్థానాలకు సవరిస్తే 0.00 వస్తుందన్న మాట నిజమే, నువ్వు నియమం తప్పలేదు. కానీ అక్కడ ఆ నియమం పనికిరాదు. దశాంశ స్థానాలు చుక్క దగ్గర నుంచి లెక్కపెడతాం. సార్థక అంకెలు సంఖ్యలో సున్నా కాని మొదటి అంకె దగ్గర నుంచి లెక్కపెడతాం. రూపాయలూ పైసల్లాంటి వాటికి మొదటి లెక్క సరిపోతుంది, ఎందుకంటే అక్కడ పైసా కంటే చిన్నది ఎలాగూ లేదు. కాంతి తరంగదైర్ఘ్యానికి రెండో లెక్కే కావాలి. 10⁻⁷ పక్కన పెట్టేసి 5.893ని చూడు. రెండు దశాంశాలకు 5.89, అంటే 5.89×10⁻⁷. ఏదీ మాయం కాలేదు. స్కూల్లో ఎప్పుడూ "రెండు దశాంశాలకు సవరించుము" అనే అడుగుతారు, అక్కడ సంఖ్యలన్నీ ఒకటి, పది, వంద మధ్యే ఉంటాయి. ఆ అలవాటే నిన్ను ఇక్కడ దెబ్బ కొట్టింది.

సున్నాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. లోలకం పొడవు నువ్వు 95 అని రాశావు. మీటరు స్కేలు మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి కదా, నువ్వు కొలిచింది 95.0. మీ నాయన పాలు పోసి తెచ్చే చీటీలో వెన్న శాతం 4.0 అని ఉంటుంది, 4 అని ఉండదు. ఆ సున్నా, యంత్రం పదో వంతు దాకా చూసిందనీ, అక్కడ ఏమీ లేదనీ చెబుతోంది. 4 అని మాత్రమే రాస్తే 3.6 కావచ్చు, 4.4 కావచ్చు. పాలు పోసే మనిషికి ఆ తేడా ఎంతో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. 95.0 లోని సున్నా కూడా అట్లాంటి సమాచారమే. అది రాయకపోతే నువ్వు కొలిచిన దానిలో కొంత నువ్వే పారేసుకున్నట్టు. సైంటిఫిక్ పద్ధతిలో ఈ చిక్కు ఉండదు. 9.50×10⁻¹ మీటర్లు అని రాస్తే మూడు అంకెలూ కొలిచినవేనని చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

లోలకం లెక్క దగ్గర కాసేపు ఆగుదాం, నీ ఉత్తరంలో నాకు చాలా విలువైనదిగా తోచింది అదే. 39.14ని 20తో భాగిస్తే ఒక డోలనానికి 1.957 సెకన్లు. నువ్వు దాన్ని అక్కడే 2.0 చేశావు. సూత్రంలో దానికి వర్గం ఉంది. 1.957 వర్గం 3.83. 2.0 వర్గం 4.00. రెండు శాతం తేడా వర్గంలో నాలుగు శాతం పైన అయింది. పక్కమ్మాయి 1.957 అట్లాగే ఉంచి 9.79 తెచ్చుకుంది, నీకు 9.38 వచ్చింది. అంతే తేడా. మధ్య మెట్లలో అంకెలు కోయకూడదు. కాగితం మీద ఒకటి రెండు అంకెలు ఎక్కువే ఉంచు, కాలిక్యులేటర్‌లో అయితే ఆన్స్ బటన్‌తో మొత్తం ముందుకు తీసుకుపో. కోత చివర్లో ఒక్కసారే.

ఒక్కసారే అన్నాను కదా, అది కూడా పట్టించుకో. 2.3476ని ఒక దశాంశానికి సవరించమంటే 2.3. మెట్టు మెట్టుగా దిగితే 2.348, తర్వాత 2.35, తర్వాత 2.4 అవుతుంది. తప్పు. సవరించాల్సిన స్థానం పక్క అంకెను అసలు సంఖ్యలోనే చూడాలి, అప్పటికే సవరించిన దాంట్లో చూడకూడదు.

చిన్న కోతలు పోగైతే ఎంతవుతాయో చూపించే నిజమైన సంగతి ఒకటుంది. కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ 1982లో ఒక కొత్త సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. రోజుకు వేలసార్లు దాన్ని మళ్లీ లెక్కకట్టేవారు. ప్రతిసారీ మూడు దశాంశాల తర్వాత ఉన్నదాన్ని సవరించకుండా కత్తిరించేసేవారు. ఒక్కో కోత వెయ్యో వంతులోపే. కానీ అన్నీ కిందికే. 1983 నవంబరు నాటికి సూచీ 524 దగ్గర ఉంది. సరిగా లెక్కకట్టి చూస్తే అది 1098 పైన ఉండాలి. అనుభవం ఉన్నవాళ్లు, యంత్రాలు పెట్టుకుని చేసిన లెక్క అది. మొదటి సెమిస్టర్ పిల్లవు, ఒక రౌండింగ్ దగ్గర జారినందుకు నీ చదువు మీదే అనుమానం పెట్టుకోకు.

2.745 దగ్గర మీ మేడమ్, సారు ఇద్దరూ చెప్పింది నిజమే. రెండు నియమాలు వాడుకలో ఉన్నాయి. స్కూల్లో నేర్పేది: 5 వస్తే ముందు అంకెను పెంచు. అప్పుడు 2.75. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్ పుస్తకంలో చెప్పేది: కచ్చితంగా 5 అయితే, ముందు అంకె సరి సంఖ్య అయితే వదిలేయి, బేసి అయితే పెంచు. అప్పుడు 2.745 కాస్తా 2.74 అవుతుంది, 2.735 కూడా 2.74 అవుతుంది. భారత ప్రమాణాల్లో సంఖ్యలు సవరించడానికే ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 2. అది కూడా ఈ సరి సంఖ్య పద్ధతే చెబుతుంది. కారణం ఏమిటంటే, 5 సరిగ్గా మధ్యలో ఉంటుంది. ప్రతిసారీ పైకే నెడితే చాలా కొలతల సగటు కొద్దిగా పైకి జరుగుతుంది. సగం పైకి, సగం కిందికి పోతే ఆ వంపు ఉండదు. వాంకూవర్‌లో జరిగింది దీనికి అతి పెద్ద రూపం. అయితే ఇదంతా కచ్చితమైన 5కే. 2.7451 ఏ నియమంతో అయినా 2.75 అవుతుంది. కాలిక్యులేటర్‌లో ఫిక్స్ 2, అంటే రెండు దశాంశాలే చూపించే సెట్టింగు, పెడితే స్కూలు పద్ధతిలో 2.75 చూపిస్తుంది. నువ్వు చేయాల్సింది ఒకటే: ల్యాబ్‌లో ఏ పద్ధతి పాటిస్తారో అడిగి, రికార్డు మొదటి పేజీలో రాసిపెట్టుకో. ఈ ప్రశ్న అడిగితే తెలివితక్కువ దానివని ఎవరూ అనుకోరు. సబ్జెక్టు తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న అది.

ఇప్పుడు 9.79 గురించి ఎవరూ నీకు చెప్పని సంగతి చెబుతాను. ఆ జవాబు కూడా కొంచెం ఎక్కువ చెబుతోంది. స్టాప్‌వాచ్ నొక్కేది బొటనవేలు. లోలకం తిరిగొచ్చిన క్షణానికీ, నొక్కిన క్షణానికీ మధ్య సెకనులో పదో వంతు, రెండు పదో వంతులు అటూ ఇటూ అవుతాయి. 20 డోలనాలు కలిపి కొలిచేది అందుకే, ఆ తప్పు 20తో భాగించబడి 0.01 సెకను ప్రాంతానికి తగ్గుతుంది. అంత తేడా కూడా చివరి జవాబులో ఒక శాతం, అంటే 0.1 దాకా తెస్తుంది. కాబట్టి 9.79లో చివరి 9 మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం. ఊరికే అంకెలు లెక్కపెట్టే నియమం 9.79 రాయమంటుంది, చేతి గడియారం సంగతి తెలిసినవాళ్లు 9.8 అంటారు. తిరుపతి ఉన్న అక్షాంశంలో అసలు విలువ 9.78 దగ్గర ఉంటుంది, రెండూ దానికి దగ్గరే. వైవాలో ఎగ్జామినర్ "ఎన్ని అంకెలు రాయాలి, ఎందుకు?" అని అడిగితే, ఈ బొటనవేలి సంగతి చెప్పు. పక్కమ్మాయి రికార్డు చూసి 9.79 రాసుకున్నవాళ్లు ఈ మాట చెప్పలేరు.

రాసే ప్రతి అంకె "ఇంతవరకు నాకు తెలుసు" అనే మాట. తెలియని అంకెలు వదిలేసి తెలిసినవి నిలుపుకోవడమే రౌండింగ్. అందుకే నువ్వు దించుకుంటున్న జవాబుల గురించి నాకు బాధగా ఉంది. కోపం లేదు. నీ రీడింగుల పక్కన ఇంకొకరి జవాబు పెడితే, నీకు తెలియనిది తెలుసని చెప్పినట్టవుతుంది. అంతకంటే నష్టం ఇంకొకటుంది. 9.38 లాంటి తప్పు నీ రికార్డులో ఉంటే ఎవరో ఒకరు "ఎక్కడ జారింది?" అని చూసి చెప్పేవారు. 9.79 ఉంటే ఎవరూ చూడరు. నీ తప్పు లోపలే ఉండిపోతుంది.

ఇక నీ ముందున్న దారులు.

లెక్చరర్ దగ్గరికి వెళ్లి, కొన్ని ప్రయోగాల జవాబులు నావి కావు, మళ్లీ కట్టి తెస్తాను అనడం ఒకటి. ఆమె నీ గురించి ఏమనుకుంటారో, ఇంటర్నల్ మార్కులు తగ్గుతాయేమో అన్న భయం సహజం. తగ్గొచ్చు కూడా. కానీ ఒకసారి "ఎట్లా వచ్చింది?" అని అడిగారంటే ఆమెకు అనుమానం ఉన్నట్టే. ఊరికే వెళ్లకు. లోలకం లెక్క మళ్లీ కట్టి, 2.0 చేసినందుకు 9.38 వచ్చిందని పక్కన రాసి తీసుకెళ్లు. తప్పు ఎక్కడుందో కనుక్కుని వచ్చిన పిల్లతో లెక్చరర్లు వేరుగా మాట్లాడతారు. చాలా ఏళ్లు రికార్డులు దిద్దినదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు.

ఎవరికీ చెప్పకుండా సర్దుకోవడం రెండో దారి. రీడింగులన్నీ నీవే కాబట్టి పాత ప్రయోగాలు గది తలుపేసుకుని మళ్లీ కట్టుకోవచ్చు. పరీక్షకు ఇంకా టైముంది, సరిపోతుంది. అయితే రికార్డులో ఉన్న జవాబుకూ నీకు ఇప్పుడు వచ్చే జవాబుకూ తేడా ఉంటే వైవాలో ఎగ్జామినర్ పట్టుకోవచ్చు. ఆ టెన్షన్ చివరిదాకా మోయాలి. మోయగలనంటే, నేను కాదనను.

రూమ్మేట్ సంగతి. ఆమె ఆ రోజు అన్నది మంచి మాట కాదు. కానీ తర్వాత అడగకుండానే రికార్డు ఇస్తోందంటే, జాలి కాకపోవచ్చు, అన్న మాటకు లోపల ఏదో గుచ్చుకుని ఇస్తూ ఉండొచ్చు. "రికార్డు వద్దు, పక్కన కూర్చుని నేను కట్టేది చూడు చాలు" అని అడిగి చూడు. ఒప్పుకుంటే నీకు ట్యూషన్ ఖర్చు తప్పుతుంది, మీ ఇద్దరి మధ్య బిగుసుకున్నదీ వదులవుతుంది. మళ్లీ వెటకారం చేస్తే ఆ దారి అక్కడితో వదిలేయ్, ఆమె మాట గురించి రాత్రంతా ఆలోచించకు.

బీఏకి మారడం గురించి మీ మామ చెప్పింది చెడ్డ సలహా అనను. గ్రూప్స్‌కి చదవాలన్న కోరిక నీకే ఉంటే, చరిత్ర, పాలిటిక్స్ చదవడం నీకు ఇష్టమైతే, మారు. ఈ ఏడాది పోతుందా, ఫీజు సంగతేమిటి అని ముందే కాలేజీ ఆఫీసులో కనుక్కో. కానీ పది నెత్తిన అంకెల నుంచి తప్పించుకోవడానికే అయితే, అవి అక్కడా వస్తాయి. ఎక్సెల్ షీట్‌లో మామూలుగా పన్నెండంకెల ఆధార్ నంబరు కొట్టి చూడు. కొన్ని అంకెలు మాత్రమే చూపించి, పక్కన ఇంగ్లీషు ఈ అక్షరం పెట్టి, ప్లస్ 11 అంటుంది. ఆ ఈ అంటే "ఇంటూ పది ఘాతం". సచివాలయం ఉద్యోగంలో చేరినా ఆ ఈ నీకు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మారాలా వద్దా అన్నది ఇది నేర్చుకున్నాక తేల్చుకో. అప్పుడు భయం లేకుండా తేల్చుకుంటావు.

ట్యూషన్ ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. నీకున్న లోటు ఒక సబ్జెక్టు అంత లేదు. బ్రాకెట్, మధ్యలో కోయకపోవడం, దశాంశాలకూ సార్థక అంకెలకూ తేడా, ఈ మూడే. వీటికి నెలనెలా పాల డబ్బులు పెట్టక్కర్లేదు. మీ ఎనిమిదో తరగతి తెలుగు మీడియం లెక్కల పుస్తకంలో ఘాతాంకాల పాఠం తీసి మళ్లీ చెయ్యి. తెలుగులో చదువుకున్నావు కాబట్టి తెలుగులోనే తొందరగా ఎక్కుతుంది, ఇంగ్లీషు పేర్లు తర్వాత తగిలించుకోవచ్చు. అది అయ్యాక కూడా మిగతా పాఠాలు అందకపోతే అప్పుడు ట్యూషన్ గురించి చూద్దాం.

నాయనకు ఏం చెప్పాలన్నది నీ ఇష్టం, కానీ అంతా బాగుందనే ఊఁ ఒక్కటీ మానెయ్. "రెండు లెక్కలు అర్థం కాలేదు నాయనా, నేర్చుకుంటా ఉండా" అంటే చాలు. అందులో ఆయన్ని కంగారు పెట్టేదేమీ లేదు, అబద్ధమూ లేదు. "సైన్స్ నాకు రాదు" అని ఫోన్లో ఏడిస్తే మాత్రం ఆయన ఆ రాత్రే బస్సెక్కుతాడు.

మొదట చేయడానికి ఒక లెక్క ఇస్తున్నాను, మీ దగ్గరిదే. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో పాకాల మండలం గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడార్ 53 మెగాహెర్ట్‌జ్ మీద పనిచేస్తుంది. మెగా అంటే 10⁶. కాబట్టి పౌనఃపున్యాన్ని ముందు సైంటిఫిక్ పద్ధతిలో రాయి. కాంతి వేగం సెకనుకు 3.00×10⁸ మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం. కాలిక్యులేటర్ తీయకుండా అంచనా మార్జిన్లో రాయి, తర్వాత కొట్టు. 5.66037 అని ఇంకా ఎన్నో అంకెలు వస్తాయి. అందులో ఎన్ని రాయాలో నువ్వే తేల్చు. ఒక సహాయం: 53లో ఉన్నవి రెండే అంకెలు. జవాబూ, ఎందుకన్నదీ కలిపి రాసి పంపు, చూసి చెబుతాను.